పన్నెండున్నర గంటల ఫోను

ముందుగానే చెప్పేస్తున్నానండి, నాకు రాయడం రాదు. అయిదో తరగతి దాకా చదివేను. అదీ పూర్తిగా కాదు, పరీక్షలప్పుడు మాయమ్మతో దాళ్వా కోతలకి, అంటే రెండో పంట కోతలకి, వెళ్ళిపోయేను. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో నాకిప్పటికీ అనుమానమే. చేతిరాత కూడా బావుండదు. తప్పులుంటే చదివేవోళ్ళు సర్దుకుని చదవండి.

మొన్న మా అమ్మాయి చదివే హైస్కూల్లో తల్లిదండ్రుల మీటింగు పెట్టేరు. పిల్లలు బడికి సెల్లు తెచ్చుకోవచ్చా, మాన్పించెయ్యాలా అని. ఎక్కువమంది మాన్పించెయ్యమన్నారు. నేను చెప్దామని లేచి నిలబడ్డాను. అందరూ నా వైపు తిరిగేరు. నోట్లోంచి ఒక్క మాట రాలేదు. కూర్చుండిపోయేను. పక్కనున్నావిడ "మాట్లాడ్డానికి లేచేవా, చీర సర్దుకోడానికి లేచేవా?" అని నవ్వింది. మీటింగు అయ్యేక హెడ్మేడంగారు నన్ను పిలిచి, "నోటితో రాపోతే కాయితం మీద పెట్టండమ్మా. మీకు జరిగింది జరిగినట్టు రాయండి" అన్నారు. అందుకని రాస్తున్నాను.

మాది రాజోలు దగ్గర, ఏటిగట్టు పక్క ఊరు. మా ఆయన దింపు పని చేసేవారు, అంటే కొబ్బరిచెట్టెక్కి కాయలు దింపడం. ఒక వానాకాలం చెట్టు మీంచి జారిపడ్డారు. ఆ సంగతి ఇక్కడ రాయను. రాస్తే ఇంకేమీ రాయలేను. పాపకి అప్పుడు పదేళ్ళు. మా వీధిలో ఇంటికొకరు చొప్పున కువైట్టులోనో మస్కట్టులోనో ఉన్నవోళ్ళే, అందులో ఆడవాళ్ళే ఎక్కువ. నేనూ అలాగే కువైట్టు వెళ్ళేను. పాపని మాయమ్మ దగ్గర వదిలేను. ఆ ఇంట్లో మాయమ్మ, మా అన్నయ్య, వదిన ఉంటారు.

బస్సెక్కేటప్పుడు పాప ఏడవలేదు. "రోజూ ఫోను చేస్తావా?" అని అడిగింది.

"రోజూ చేస్తానమ్మా" అన్నాను.

అక్కడికెళ్ళేక నా ఫోను నా చేతిలో ఉండదని అప్పటికి నాకు తెలీదు.

నేను పని చేసిన ఇంట్లో యజమానురాల్ని మామా అని పిలవాలి. అక్కడ పనివాళ్ళందరూ అలాగే పిలుస్తారు. మనిషి చెడ్డది కాదు. కడుపు నిండా తిండి పెట్టేది, ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. కానీ ఒక రూలు పెట్టింది. పనిమనిషి దగ్గర ఫోనుంటే పని సాగదని, నా ఫోను తన గదిలో డ్రాయరులో పెట్టుకునేది. పొద్దున్న పదింటికి కాఫీ తాగి, తయారవడానికి మేడ మీదకి వెళ్తా నా చేతికిచ్చేది. పదిన్నరకి ఆవిడ మెట్లు దిగేసరికి ఫోను వంటింటి బల్ల మీద ఉండాలి. శుక్రవారం వాళ్ళ చుట్టాలందరూ భోజనానికి వచ్చేవారు, ఆరోజు ఆ అరగంట కూడా లేదు.

అక్కడ పది గంటలంటే మనకి పన్నెండున్నర. బడిలో అన్నానికి వదిలే టైము.

చదివేవోళ్ళకి ఇదేదో చిన్న సంగతిలా ఉంటాది. నాకు మాత్రం రోజు మొత్తానికి ఉన్నది ఆ అరగంటే. ఆ అరగంటలో పాప బడిలో ఉండేది. బడికి ఫోను తేకూడదు. నేను ఇంటికి చేస్తే మాయమ్మ ఎత్తేది. "పాపేదమ్మా?" అంటే, "బడికెళ్ళిందే, రోజూ అదే అడుగుతావు" అనేది. సాయంత్రం పాప ఇంటికొచ్చే టైముకి నేను వంటింట్లో, ఫోను డ్రాయరులో.

ఆదివారం మాత్రం దొరికేది. అందరూ చర్చి నుంచి వచ్చి అరుగు మీద కూర్చునేవారు. మా వదిన ఫోను స్పీకర్లో పెట్టేది. ఇంక సంతే.

"ఒసే, చిక్కిపోయేవే! కళ్ళు లోపలికి పోయేయి" అని మాయమ్మ.

"చిక్కడమేంటండీ అత్తయ్యగారూ, తెల్లబడింది చూడండి. ఏసీలో ఉంటే మనమూ తెల్లబడతాం" అని మా వదిన.

"ఏమ్మా, మావోడికి అక్కడేదన్నా డ్రైవరు పని చూడవా?" అని పక్కింటావిడ.

వాళ్ళందరి వెనకాల, గుమ్మానికి ఆనుకుని పాప. "ఇదిగో నీ కూతురు. రావే, అమ్మతో మాట్లాడు" అని ముందుకి తోసేవారు.

"తిన్నావా అమ్మా?"

"ఆయ్."

"బాగా చదువుతున్నావా?"

"ఆయ్."

మా వైపు అందరం ఆయ్ అంటాం, ఎదటి మనిషికి మర్యాద ఇవ్వడానికి. కానీ కన్నతల్లితో మర్యాద ఏంటండి? దుకాణంలో పెద్దాయనతో అన్నట్టు నాతో ఆయ్ ఆయ్ అంటా ఉంటే, ఈ పిల్లకి నేను చుట్టాన్నైపోయేను అనిపించేది. ఇంకో రెండేళ్ళు పోతే చుట్టాన్ని కూడా కాను. నాకున్న భయమల్లా అదొక్కటే. నేను తిరిగొచ్చేసరికి పిల్ల ఉంటాది గానీ, నా పిల్లలా ఉండదేమోనని.

రెండో ఏడు, మామా పెద్దకూతురు కొత్త ఫోను కొనుక్కుని పాతది నాకిచ్చేసింది. ఓ మూల అద్దం పగిలింది, అంతే. మలికిపురం ఆవిడొకావిడ సెలవు మీద ఊరొస్తుంటే ఆవిడ చేత పాపకి పంపించేను. బడికి పట్టుకెళ్ళమని చెప్పింది నేనే. రూలుకి తప్పని తెలిసే చెప్పేను.

మా బడిలో పిల్లలు మధ్యాహ్నం అన్నానికి ఇంటి దగ్గర్నుంచి పళ్ళెం తెచ్చుకుంటారు. పాప ఆ పళ్ళెం సంచిలో అడుగున ఫోను పెట్టుకునేది. గబగబా తినేసి, పళ్ళెం కడుక్కునే వంకతో వంటషెడ్డు వెనక్కి వెళ్ళేది. అక్కడ వంట చేసే ఆవిడ మా వీధి మనిషి, నాకు వరసకి అక్క అవుద్ది. చూసీ చూడనట్టు ఊరుకునేది.

మొదట్లో అక్కడ కూడా ఆయ్ ఆయ్ అనే అంది. ఓ వారం పోయేక మాటలు వచ్చేయి.

"అమ్మా, ఏం వండేవు?"

"ఇంకా వండలేదే, ఇప్పుడేగా పొయ్యి దగ్గరికొచ్చేను. మీకేం పెట్టేరు?"

"పులిహోర, గుడ్డు."

"గుడ్డు తిన్నావా?"

"సగం తిన్నాను. సగం కుక్కకి పెట్టేను."

"ఒసే, కుక్కకి గుడ్డు పెట్టడానికా నేను సముద్రం దాటి వచ్చింది?"

"కుక్క నీకు థాంక్స్ చెప్పమందమ్మా."

అలా ఉండేది. పెద్ద పెద్ద సంగతులేమీ కాదు. జడకి రబ్బరు బేండు తెగిపోయిందని, లెక్కల మాస్టారు తుమ్మితే బల్ల కదిలిందని. ఆ పావుగంట మాటలు పట్టుకుని నేను మిగిలిన రోజంతా ఇల్లు తుడిచేదాన్ని.

నాకు ఇంగ్లీషు రాదు కదండి. అక్కడ ఇంట్లో సీసాలన్నీ ఒకేలా ఉంటాయి, రంగు రంగుల నీళ్ళు. ఒకరోజు వాటి ఫోటో తీసి పాపకి పంపేను. అది అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది.

"అమ్మా, ఈ పచ్చది దేనికి వాడుతున్నావు?"

"గిన్నెలు తోమడానికే."

"అమ్మా! అది నేల తుడిచేది!"

"రెండ్రోజుల్నించీ దాంతోనే తోముతున్నానే."

"మరి వాళ్ళు బానే ఉన్నారా?"

"బానే ఉన్నారు. మెరుస్తున్నారు కూడా."

నవ్వి నవ్వి దాని చేతిలో పళ్ళెం కింద పడిపోయింది. ఆ చప్పుడు నాకు అక్కడికి వినపడింది. అది మొదలు నేను రోజూ ఏదో ఒక డబ్బా ఫోటో పంపేదాన్ని. నాకు తెలిసిన డబ్బా అయినా పంపేదాన్ని. అది చదివి చెప్తా ఉంటే వినడానికి.

తరవాత రంజాన్ నెల వచ్చింది. ఇక్కడ జరిగిన తప్పు నాది. పిల్లది కాదు.

రంజాన్లో ఆ ఇంట్లో రోజు తలకిందులైపోద్ది. తెల్లారకముందే తినేసి పడుకుంటారు, మధ్యాహ్నం దాకా లేవరు. మామా పదింటికి కాఫీకి దిగదు. దిగకపోతే డ్రాయరు తియ్యదు, నాకు ఫోను లేదు. మూడు రోజులు పాప గొంతు వినలేదు. నాలుగో రోజు పొద్దున్న వంటిల్లు సర్దుతుంటే నా ఫోను బల్ల మీద ఉంది. ముందురోజు ఏదో పనికి తీసి పెట్టి మర్చిపోయింది ఆవిడ. ఇల్లంతా నిద్ర. అప్పుడు ఏడున్నర. నాకు కళ్ళ ముందు ఫోనొక్కటే కనపడింది. మన దగ్గర ఇప్పుడు టైమెంత, పిల్ల ఎక్కడుంటాది అనేది బుర్రలోకి రానే లేదు. చేసేను. ఎత్తలేదు. మళ్ళీ చేసేను. మూడుసార్లు చేసేను.

మనకి అప్పుడు పదిగంటలు. లెక్కల క్లాసు జరుగుతోంది. పాప ఫోను మోగకుండా కదిలేలాగే పెట్టుకుంది, తెలివైనదే. కానీ అది స్టీలు పళ్ళేనికి ఆనుకుని ఉంది. సంచిలో పళ్ళెం గలగలా గలగలా అని క్లాసంతా వినపడేలా మోగింది. మూడుసార్లు. పిల్లలందరూ నవ్వేరు. మాస్టారు సంచి తిరగబోసి, ఫోను పట్టుకెళ్ళి హెడ్మేడంగారికి ఇచ్చేసేరు. ఆవిడ బీరువాలో పెట్టి తాళం వేసేరు. తల్లో తండ్రో వచ్చి సంతకం పెట్టి తీసుకెళ్ళాలని రూలు.

ఆ నెలలో ఆదివారం ఒక్కరోజే, మధ్యాహ్నం లేచేక మామా కాసేపు ఫోను ఇచ్చేది. ఈ సంగతి నాకు అలా ఆదివారం మా వదిన చెప్పింది. "నీ కూతురు ఘనకార్యం విన్నావా? ఫోనుతో దొరికింది. వీధిలో తలెత్తుకోలేపోతున్నాం" అంది. నేను చెయ్యమన్నానని చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ రోజు పాప గుమ్మం దగ్గర కూడా లేదు. లోపలుంది. పిలిస్తే వచ్చి, "ఆయ్, బావున్నానమ్మా" అని వెళ్ళిపోయింది.

ఆ నెలంతా అంతే. మూడో ఆదివారానికి మాయమ్మ కొత్త సంగతి చెప్పింది. పిల్ల బడికి సరిగ్గా వెళ్ళట్లేదంట. కడుపునొప్పంటాదంట. ఓ రోజు వెళ్తే రెండ్రోజులు పడుకుంటాదంట. "ఏమైందే?" అంటే గోడ వైపు తిరుగుద్దంట.

"అదేం లేదండీ, ఫోను పోయిందని అలక" అంది మా వదిన. "ఇంక బడి మాన్పించేసి నాతోపాటు ఇంట్లో ఉంచుకుంటే బాగుపడుద్ది."

 బడి మానెయ్యడం ఎంత తేలికో నాకు తెలుసు. నేనూ అలాగే మానేసేను కదా. ఎవరూ ఏమీ అనలేదు, ఒక రోజు వెళ్ళలేదు, ఇంక వెళ్ళలేదు. అంతే.

రంజాన్ అయిపోయి మామా మళ్ళీ పదింటికి కాఫీకి దిగిన మొదటి రోజు, ఫోను చేతికి రాగానే వంట చేసే అక్కకి చేసేను. అప్పటికి ఒంటిపూట బడులు పెట్టేసేరు. పన్నెండున్నరకి అన్నం పెట్టి పంపించేస్తున్నారు.

"అక్కా, హెడ్మేడంగారికి ఓసారి ఇస్తావా?"

"ఓలమ్మో, నేనా? ఆవిడ ముందు నిలబడాలంటే నాకు గరిట జారిపోద్దే" అంది. కానీ పట్టుకెళ్ళింది. అడుగులు వినపడుతున్నాయి నాకు. ఆ తరవాత ఒక గట్టి గొంతు. "ఎవరండీ?"

చెప్పేను. ఫలానా పాప తల్లినండి అని.

"చూడమ్మా, రూలంటే రూలే. మీ పాప ఒక్కదాని కోసం మార్చలేను. మీరో, నాన్నగారో వచ్చి సంతకం పెట్టి ఫోను తీసుకెళ్ళండి."

"నేను కువైట్లో ఉన్నానండి."

"మరి నాన్నగారు?"

"లేరండి."

 నా అరగంట అయిపోతోంది. నాకు అప్పుడు ఎక్కడలేని మాటలు వచ్చేయి. డ్రాయరు సంగతి, పదిగంటల సంగతి, పళ్ళెం సంచి సంగతి, అన్నీ చెప్పేసేను. "తప్పు నాదండి. టైము చూసుకోకుండా చేసింది నేనేనండి. దానికి శిక్ష వెయ్యకండి. ఫోను ఇవ్వపోయినా పర్లేదండి, పిల్ల బడి మానేసేలా ఉంది, ఒక్కసారి చూడండి" అన్నాను.

"మీరు రోజూ ఈ టైముకేనా చేసేది?" అని అడిగేరు.

"ఆయ్, ఇంకో టైము లేదండి."

"సరే, పెట్టెయ్యండి" అన్నారు. కోపమో ఏమో తెలీలేదు నాకు.

ఆవిడ ఆరోజే స్కూటీ మీద మా ఇంటికెళ్ళేరంట. మాయమ్మ కంగారుపడి కుర్చీ తుడిచి వేసిందంట. కూర్చోలేదంట. "రేపు మీ మనవరాల్ని బడికి పంపండి. నాకు దాంతో పనుంది" అని మాత్రం చెప్పేరంట.

మర్నాడు పదింటికి నేను చెయ్యకముందే నా ఫోను మోగింది. పాప నెంబరు. హెడ్మేడంగారు తన గదిలో కుర్చీలో దాన్ని కూర్చోబెట్టి, బీరువా తీసి ఫోను ఇచ్చి, తలుపు దగ్గరికేసి, తను బయట వరండాలో నిలబడ్డారంట. ఎవరొచ్చినా "పనుంది, తరవాత రండి" అన్నారంట. ఇదంతా తరవాత తెలిసింది. అప్పుడు నాకు వినపడింది పాప ఏడుపే. బస్సెక్కేనాడు ఏడవని పిల్ల.

"అమ్మా, నేను పెద్దమనిషి అయ్యేను."

"ఎప్పుడే?"

"మాస్టారు ఫోను తీసేసుకున్న వారంలో."

"అమ్మమ్మకి చెప్పలేదా?"

"చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు."

అప్పటికి నెల కావస్తోంది. పదమూడేళ్ళ పిల్ల నెల రోజులు ఆ సంగతి ఒక్కర్తే మోసింది. సైన్సు పుస్తకంలో చదివిందంట, భయం వెయ్యలేదంది. బడిలో ఆడపిల్లలకిచ్చే పేకెట్లు ఉన్నాయంట, వాటితో సర్దుకుందంట.

"మరి ఎందుకే చెప్పలేదు?"

"చెప్తే వెంటనే చాప మీద కూర్చోబెట్టేస్తారు కదా. అందరూ వస్తారు. అత్త చిమ్మిలి దంచుద్ది. నువ్వుండవు. నీకు చెప్పేకే చెబుదామని. నీకేమో ఆదివారం అందరి ముందూ ఎలా చెప్పను?"

మా వైపు ఆడపిల్ల పెద్దమనిషి అయితే కొత్త చాప మీద కూర్చోబెట్టి, నువ్వులూ బెల్లం కలిపి దంచిన చిమ్మిలి ముద్ద చేతిలో పెడతారు. ఆ ముద్ద తల్లి పెట్టాలి. నాకు మాయమ్మ పెట్టింది. అది నాకు గుర్తుంది. దానికి ఎవరు పెడతారా అని అది ఆలోచించింది. నేను ఆలోచించలేదు. డబ్బాల ఫోటోలు పంపుతా కూర్చున్నాను.

మెట్ల మీద మామా చెప్పుల చప్పుడు వినపడింది. పదిన్నర. నేను ఫోను పెట్టలేదు. మామా వచ్చి ఎదురుగా నిలబడింది. నా మొహం చూసింది. ఏమనుకుందో, వెనక్కి తిరిగి మళ్ళీ పైకెళ్ళిపోయింది. ఆ ఒక్క రోజే.

"అమ్మా, నువ్వొచ్చేదాకా ఎవరికీ చెప్పకు" అంది పాప.

"అమ్మమ్మకి చెప్పాలే. నీకు ఒంట్లో బాగోపోతే చూసేది ఆవిడే కదా. కానీ చాప వెయ్యనివ్వను. నేనొచ్చేదాకా ఆగమని చెప్తాను. సరేనా?"

"ఒట్టా?"

"ఒట్టే. మరి నువ్వు బడి మానవు కదా?"

"మానను."

"ఒట్టా?"

"రోజూ చేస్తే మానను" అంది. అప్పుడు ఏడుపులోంచి చిన్నగా నవ్వింది.

ఆదివారం మాయమ్మని స్పీకరు తీసెయ్యమని చెప్పి, పెరట్లోకి వెళ్ళమని, అప్పుడు చెప్పేను. ఆవిడ గుండెలు బాదుకుంది. "నెల్లాళ్ళు నా ఇంట్లో తిరిగిందే! నాకు తెలీలేదే! చాప వెయ్యపోతే ఊరు ఏమనుకుంటాదే?"

"ఊరికి నేనొచ్చేక నేను చెప్పుకుంటానమ్మా."

"ఎప్పుడొస్తావు నువ్వు? పిల్లకి పెళ్ళయ్యేకా?"

 ఆవిడ నాలుగు ఆదివారాలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. కానీ చాప వెయ్యలేదు.

జూన్లో బడులు తెరిచేక హెడ్మేడంగారు కొత్త పద్ధతి పెట్టేరు. ఇంట్లోవోళ్ళు దూరంగా ఉన్న పిల్లలు, అవసరమున్న పిల్లలు ఫోను తెచ్చుకోవచ్చు. పొద్దున్న రాగానే ఆఫీసు గదిలో పేరు చెప్పి ఇచ్చెయ్యాలి. అన్నం టైములో తీసుకుని వరండా మెట్ల మీద అందరికీ కనపడేలా కూర్చుని మాట్లాడుకోవాలి. బెల్లు కొట్టేక తిరిగిచ్చెయ్యాలి. ఇంక వంటషెడ్డు వెనక్కి వెళ్ళక్కర్లేదు. పాప నాకు వీడియోలో ఆ మెట్లు చూపించింది. ఒక పిల్ల తల్లి మస్కట్టులో ఉంది. ఒక పిల్లోడి తండ్రి కొబ్బరికాయల లారీ మీద ఉత్తరాదికి వెళ్తే నెలకోసారి వస్తాడు. ఇంకో పిల్ల తల్లి కిడ్నీలు పాడై, రక్తం శుద్ధి చేయించుకోడానికి అమలాపురం ఆసుపత్రికి వెళ్తాది. అందరూ మెట్ల మీద కూర్చుని ఒకేసారి మాట్లాడుతున్నారు. తెల్లారి కాకుల్లాగ. నాకది చూస్తే కడుపు నిండిపోయింది.

నేను పంపే డబ్బాల ఫోటోలు ఇంగ్లీషు మేడంగారు చూసి, క్లాసులో బోర్డు మీద రాసి అందరి చేతా చదివించేరంట. "మీ అమ్మగారు ఈరోజేం పంపేరు?" అని ఆవిడే అడిగేవారంట. అక్కడ నేను తుడవడానికి వాడే సీసాలు ఇక్కడ పిల్లలకి పాఠం అయ్యేయంటే ఎవరైనా నమ్ముతారాండి?

ఫోను వల్ల చెడు లేదని నేను అనను. ఒక పిల్లోడు మెట్ల మీద ఆటలాడుకుంటా దొరికేడు. ఇంకోడు మాస్టారి నడక వీడియో తీసి నలుగురికి పంపేడు. వాళ్ళ ఫోన్లు తీసేసుకున్నారు. అది మంచిదే. మీటింగులో వద్దన్న తల్లుల్ని కూడా నేను తప్పు పట్టను. వాళ్ళ పిల్లలు సాయంత్రం ఇంటికొచ్చి వాళ్ళ ఒళ్ళో సంచి పడేస్తారు. వాళ్ళకి ఫోనెందుకు? కానీ అందరి ఇళ్ళూ ఒకలా లేవు కదండి.

నేను తిరిగొచ్చి ఏడాది కావస్తోంది. వచ్చిన వారంలోనే చిమ్మిలి దంచేను. ఊరిని పిలవలేదు. సాయంత్రం పూట చాప వేసి, మాయమ్మ, వదిన, వంట చేసే అక్క, నేను. వదినే పాటందుకుంది. పాప సిగ్గుపడలేదు, "ఇన్నాళ్ళకి కూర్చోబెడతారా, నాకు కాళ్ళు పొడుగైపోయేయి, చాప చాలట్లేదు" అని నవ్వింది. ముద్ద నా చేత్తో పెట్టేను. మాయమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "సర్లే, ఇప్పటికైనా" అంది.

అంతటితో అంతా బాగైపోయిందనుకున్నాను. కాలేదండి. ఎదురుగా ఉంటే మా ఇద్దరికీ మాటలు రావు. ఇంట్లో అది పుస్తకం ముందేసుకుంటాది, నేను పొయ్యి దగ్గరుంటాను. "తిన్నావా" అంటే "ఊఁ" అంటాది. మూడేళ్ళు ఫోనులో అలవాటైన మనుషులం, ఎదురుపడితే మొహం ఎటు పెట్టుకోవాలో తెలీదు. ఇప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను కాబట్టి దానికింక ఫోను అక్కర్లేదని పట్టుకెళ్ళద్దన్నాను. అది వినలేదు. రోజూ పన్నెండున్నరకి మెట్ల మీంచి నాకు చేస్తాది. "అమ్మా, ఏం వండేవు?" అని. అప్పుడు పావుగంట మాట్లాడుకుంటాం, ఊళ్ళో ఉండి ఊళ్ళోకే.

మీటింగుకి నాలుగు రోజుల ముందు అలాగే చేసింది. కూర సంగతి అయ్యింది, పరీక్ష సంగతి అయ్యింది. తరవాత ఆగింది. వెనకాల పిల్లల గోల వినపడుతోంది.

"అమ్మా, మొన్న ఏజెంటు మనింటికి ఎందుకొచ్చేడు?"

 నన్ను కువైట్టు పంపిన ఏజెంటే, మళ్ళీ వీసా ఉందని చెప్పడానికొచ్చేడు. పాప అప్పుడు లోపలి గదిలో చదువుకుంటోంది. వినలేదనుకున్నాను. నాలుగు రోజులు నా పక్కనే పడుకుంది. నా చేత్తో జడ వేయించుకుంది. ఒక్క మాట అడగలేదు.

"నువ్వు మళ్ళీ వెళ్ళిపోతావా?"

ఆ మాట నా మొహం చూసి అడగడం దానికి రాలేదు. బడి మెట్ల మీంచి అడిగింది. అడిగిందే చాలనుకున్నాను. అడగకుండా గోడ వైపు తిరిగి పడుకున్న రోజులు నాకు గుర్తున్నాయి.

"వెళ్ళను" అన్నాను.

"నా కోసమా?"

"నాకోసమే. నాకు అక్కడ సీసాలు చదివిపెట్టేవోళ్ళు లేరు."

బెల్లు కొట్టేరు. "పెట్టేస్తున్నా" అని పెట్టేసింది. సాయంత్రం ఇంటికొచ్చింది. పొయ్యి దగ్గరికొచ్చి పీట వేసుకుని కూర్చుని, కత్తిపీట నా ముందునుంచి తీసుకుని కూర తరిగింది. ఏజెంటుకి మర్నాడే రాననేసేను.

మీటింగులో నిలబడి చెప్పలేపోయిన మాట ఇదేనండి. ఇన్ని కాయితాలు పట్టింది. కొట్టివేతలు చాలా ఉన్నాయి, కొన్ని మాటలు మా అమ్మాయిని అడిగి రాసేను, కొన్ని దానికి చూపించకుండా రాసేను. వాటిలోనే తప్పులు ఎక్కువుంటాయి. పెద్దలు, చదువుకున్నవోళ్ళు మన్నించాలి.